పెలాగియా గొంతు

తగ్బులాన్‌లో ఎవరైనా పోతే కబురు ముందు పెట్టె చేసే వడ్రంగికి వెళ్ళదు, పట్నంలో ఉన్న ఫాదరుకూ వెళ్ళదు. ఇయా పెలాగియాకు వెళ్తుంది. ఇయా అంటే పెద్దమ్మ. ఊళ్ళో వయసు మళ్ళిన ప్రతి ఆడమనిషినీ అలాగే పిలుస్తారు. పెలాగియాను పిలిచేటప్పుడు మాత్రం ఆ మాటలో కాస్త బెదురు కూడా కలిసేది.

ఫాదరు నెలకోసారి వస్తాడు. కొండదారి బురదైతే అదీ లేదు. చావు బురదను చూసి ఆగుతుందా? అందుకే, పూడ్చిన రోజు మొదలుకొని తొమ్మిది సాయంత్రాలు ఆ ఇంట్లో కూర్చుని ప్రార్థన నడిపించే మనిషి ఊరికొకరు ఉండి తీరాలి. తగ్బులాన్‌కు ఆ మనిషి పెలాగియా. ఆమె చెప్పేది పాత ప్రార్థన. వాళ్ళ అమ్మమ్మ నోటి నుంచి ఆమె నోటికి వచ్చింది, ఎక్కడా రాసి లేదు. గుడిలో పంచే చిన్న పుస్తకంలో ఉన్నది దానిలో పావు వంతుకు కూడా రాదు. "అది ప్రార్థన కాదర్రా, కదిలే బస్సెక్కేవాడు పెట్టే దండం" అనేది ఆవిడ.

పాత ప్రార్థనకు ఒక నియమం ఉంది. మధ్యలో తెగకూడదు. తెగిందా, ఆ సాయంత్రం లెక్కలోకి రాదు. ఒకసారి ఎవరింట్లోనో పిల్లలు కిసుక్కున నవ్వారని ఆవిడ రెండుసార్లు మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఆ పూట ఆ ఇంట్లో అన్నం మాడి బొగ్గయింది, ఒక్కరూ కిక్కురుమనలేదు. తొమ్మిదీ సక్రమంగా పూర్తయ్యేదాకా పోయిన మనిషి ఇంటి మెట్ల మీదే కూర్చుని ఉంటారని ఊరి నమ్మకం. ఫాదరు ఆ మాట వింటే నవ్వి ఊరుకుంటాడు. తగ్బులాన్ వాళ్ళు ఆయన నవ్వును మన్నించి ఊరుకుంటారు.

భక్తి అంటే అందరూ మెత్తదనం అనుకుంటారు. పెలాగియాను చూస్తే ఆ భ్రమ వదిలిపోతుంది. అన్నానికి ముందు ఆవిడ దండం పెట్టుకోవడం మొదలుపెడితే పులుసు చల్లారి పైన కొవ్వు పేరుకునేది. ఉపవాసాల రోజుల్లో చుట్ట వాసన తగిలితే చాలు, ఆ చుట్ట ఎవడిదైనా సరే, వాడి తాత ముత్తాతల దాకా తిడుతూ వెళ్ళేది. కానీ తుపాను గాలిలో లాంతరు కొంగు చాటున పెట్టుకుని, కొండ మీద ఒంటరిగా పోయిన తిక్క ముసలాడి కోసం తొమ్మిది సాయంత్రాలూ ఎక్కి దిగింది కూడా ఆవిడే. ఆ ముసలాడు బతికుండగా ఆవిడ మీద కుక్కను ఉసికొల్పాడు. "కుక్కను వదిలాడు సరే, దేవుడు వాణ్ణి వదిలేశాడని నీకు ఎవరు చెప్పారు?" అని అడ్డుపడిన వాళ్ళ నోరు మూయించింది.

ఆవిడకు పెళ్ళి లేదు, పిల్లలు లేరు. చెల్లెలి కూతురు బిబింగ్‌ను పెంచింది. బిబింగ్ తల్లిదండ్రులు పడవతో సహా సముద్రంలో పోయేనాటికి ఆ పిల్ల ఇంకా సరిగ్గా మాట్లాడటం నేర్వలేదు. ఇప్పుడు ముప్ఫై దాటింది. పెద్దమ్మా తనూ కలిసి తాటాకు చాపలు అల్లి సంతలో అమ్ముతారు. బిబింగ్ చేతిలో ఆకు ఎలా చెబితే అలా వింటుంది. నోరే వినదు. నలుగురి ముందు నిలబడితే చాలు, గొంతులో ఏదో అడ్డం పడి మాట లోపలే ఉండిపోతుంది. పెలాగియా ఎన్నోసార్లు ప్రార్థన నేర్పబోయింది. పిల్ల మూడో చరణం దాకా వచ్చి ఆగేది. "రేపు చూద్దాంలే, ఇయా" అనేది. రేపులకేం తక్కువ అనుకుందో ఏమో!

ఊళ్ళో పెలాగియాకు భయపడని మనిషి ఒక్కడే. వాడు టిక్యో.

టిక్యో కల్లు గీస్తాడు. పొద్దుటిపూటా సాయంత్రం పూటా కొబ్బరిచెట్లెక్కి వెదురు గొట్టాలు దింపుతాడు. దింపినదాంట్లో సగం అమ్ముతాడు, మిగతా సగం ఏమైందో వాళ్ళావిడ సాలుద్‌ను అడగాలి. చావు ఇళ్ళ వాకిట్లో పేకాట జట్టు వేసేది అతనే. శవాన్ని ఒంటరిగా వదలకూడదు కాబట్టి పేకాటను ఎవరూ కాదనరు. పెలాగియా మాత్రం ఒక షరతు పెట్టింది. "ముక్కలు పట్టుకుని చావండి. కానీ నేను చరణం చెప్పగానే మీ జవాబు లోపలికి వినపడాలి. వినపడకపోతే నేనే బయటికొస్తా." అందుకని రాజు, రాణి, జాకీ అని అరుచుకుంటూనే మధ్యమధ్యలో "ఆమె కోసం అడుగు తల్లీ" అని మరియమాతను వేడుకుంటూ జట్టంతా గొంతెత్తేది.

అంతటితో ఊరుకుంటే టిక్యో టిక్యో ఎలా అవుతాడు? కల్లు పాకలో నలుగురు చేరగానే తుండు తలకు చుట్టుకుని, పళ్ళు ఊడినట్టు పెదాలు లోపలికి లాక్కుని, పెలాగియా అయిపోయేవాడు. ఆ దగ్గు, ఆ ముక్కు ఎగబీల్పు, చరణానికీ చరణానికీ మధ్య "ఆ కుక్కను కట్టేయండ్రా" అన్న కేక, అన్నీ అచ్చు దింపేవాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. పాక ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే బిబింగ్ తల వంచుకుని పరుగులాంటి నడకతో దాటిపోయేది. మనిషన్నవాణ్ణి ఎవర్నైనా ద్వేషించిందంటే అది టిక్యోనే.

ఒక సంత రోజు అతను మంచి ఊపులో ఉండగా నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. వెనక్కి తిరిగి చూస్తే చాపల కట్ట నెత్తిన పెట్టుకుని పెలాగియా నిలబడి ఉంది. పక్కనే బిబింగ్, సిగ్గుతో సగం చచ్చి.

"ఆపావేం? కానియ్యి," అంది పెలాగియా.

ఏం చేస్తాడు పాపం! తడబడుతూ చివరిదాకా కానిచ్చాడు. ఆవిడ కట్ట దించకుండా అంతా విన్నది.

"ఐదో చరణంలో ఒక పాదం మింగేశావు. వెక్కిరిస్తే వెక్కిరించు, పూర్తిగా వెక్కిరించు. 'తెడ్డు విరిగిన పడవకు నీ చూపే ఒడ్డు.' ఏదీ, అను."

టిక్యో అన్నాడు. తుండు తీయడం కూడా మరిచిపోయి ఆవిడ వంక చూస్తూ మళ్ళీ అన్నాడు. ఆవిడ తలాడించి వెళ్ళిపోయింది.

దారి పొడుగునా బిబింగ్ ఉడికిపోయింది. "నీకు సిగ్గనిపించలేదా, ఇయా?"

"దేనికే? వాడు తాగి కూడా మరిచిపోలేదు చూశావా. నువ్వు తాగకుండానే మరిచిపోతావు."

వానలు మొదలయ్యాక పెలాగియా దగ్గు ఛాతీలోకి దిగింది. నర్సు వచ్చి మాత్రలిచ్చింది. ఆవిడ మాత్రలు మింగింది, కానీ వాటి మీద పెద్దగా ఆశ పెట్టుకున్నట్టు కనపడలేదు. మంచం మీద నుంచే చూరు నీళ్ళు ఎక్కడ కారుతున్నాయో, ఏ చాపకు అంచు వదులైందో చెబుతూ వచ్చింది.

"బిబింగ్, నాకు పాతదే చెప్పించు," అంది ఒక పొద్దున.

"ముందు ఈ గంజి తాగు."

"గంజి తాగితే చావనా? చిన్న పుస్తకంతో పంపించావంటే నేను మెట్లు దిగను. అక్కడే కూర్చుని నీ చాపలకు వంకలు పెడుతూ ఉంటా."

"ఎవరు చెప్తారు, ఇయా? నాకు రాదని నీకు తెలుసుగా!" బిబింగ్ ఏడుపు ఆపుకోలేకపోయింది.

"తెలుసు. దేవుడికీ తెలుసు. దాని గురించి ఆయనా నేనూ మాట్లాడుకుంటున్నాం. మధ్యలో నువ్వు రాకు." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. "నువ్వు మాటివ్వు చాలు."

బిబింగ్ మాటిచ్చింది. ఎలా నిలబెట్టుకోవాలో ఆమెకు ఇసుమంత కూడా తెలియదు.

ఆ తర్వాత రెండో తెల్లవారుజామున ఇద్దరూ ఎప్పటిలాగే జపమాల పట్టుకున్నారు. పెలాగియా మెల్లగా చరణం చెబుతోంది, బిబింగ్ జవాబు చెబుతోంది. ఒక చరణానికి బిబింగ్ జవాబు చెప్పి తర్వాతి దాని కోసం ఎదురుచూసింది. పెద్దమ్మ ఊపిరి తీసుకుంటోందనుకుంది. కోళ్ళు కూశాయి. తర్వాతి చరణం రాలేదు. పెలాగియా వేళ్ళ మధ్య పూస అక్కడే ఆగి ఉంది. ముఖం మాత్రం హాయిగా ఉంది, అనుకున్న పని అనుకున్నట్టు జరిగినవాళ్ళ ముఖంలాగా.

ఊరు ఊరంతా కదిలింది. అదృష్టం కొద్దీ దారి ఎండి ఉండటంతో ఫాదరూ వచ్చాడు. పూడ్చాక బిబింగ్ ఆయన దగ్గర తన బాధ చెప్పుకుంది. "దేవుడికి చెవుడు లేదమ్మా. చిన్న పుస్తకమైనా వింటాడు," అన్నాడాయన. మంచివాడు, మంచి మాటే చెప్పాడు. కానీ మాటిచ్చింది దేవుడికి కాదు, పెద్దమ్మకు. పెద్దమ్మ దేవుడంత తేలిగ్గా సర్దుకుపోయే మనిషి కాదు.

మొదటి సాయంత్రం బిబింగే కూర్చుంది. ఇల్లు నిండి మెట్ల మీద దాకా జనం. మొదటి చరణం చెప్పింది, ఇల్లు దద్దరిల్లేలా జవాబు వచ్చింది. రెండోదీ గడిచింది. మూడోదాని మధ్యలో ఆగిపోయింది. ఒక్క అక్షరం రాదు.

"తర్వాతేంటి, దాయ్?" అంది పక్కింటి ఇయా నార్సిసా. ఊళ్ళో చిన్నవాళ్ళైన ఆడవాళ్ళను దాయ్ అంటారు.

"గుర్తు రావట్లేదు, ఇయా. మీకెవరికైనా వచ్చా?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఊరంతటికీ జవాబులు వచ్చు. నిద్రలో లేపినా చెబుతారు. చరణాలు మాత్రం ఎవరికీ రావు. ఇన్నేళ్ళూ ఆవిడ అంటే వీళ్ళు బదులు పలికారు. ఆవిడ అనకపోతే ఏం చేయాలో ఒక్కడూ ఆలోచించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

నార్సిసా చిన్న పుస్తకం తీసింది. బిబింగ్ తల అడ్డంగా ఊపింది. ఆ సాయంత్రం లెక్కలోకి రాకుండా పోయింది. చేసిన బియ్యపు అప్పాలు చేసినట్టే ఉండిపోయాయి. అందరూ వెళ్ళాక బిబింగ్ మెట్ల వైపు చూసే ధైర్యం చేయలేక తలుపు మూసుకుని భోరుమంది.

ఏడ్చి ఏడ్చి ఉన్నప్పుడే పెద్దమ్మ మాట చెవిలో పడింది. వాడు తాగి కూడా మరిచిపోలేదు చూశావా.

టిక్యో! తలుచుకుంటేనే ఒళ్ళు మండింది. పెద్దమ్మను నవ్వులపాలు చేసినవాడి కాళ్ళు పట్టుకోవాలా? కానీ ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది. పంతానికి పోతే అక్కడే ఉండిపోతుంది.

తెల్లారగానే కొబ్బరితోటకు వెళ్ళింది. టిక్యో చెట్టు పైన ఉన్నాడు. కింద నుంచి పాదాలు మాత్రమే కనపడుతున్నాయి.

"నోంగ్ టిక్యో! కిందికి దిగు," అని కేకేసింది. పెద్దవాడు కాబట్టి నోంగ్ అనక తప్పలేదు.

"ఎవరూ... బిబింగా?" పాదాలు కదల్లేదు. "నేను పేకాట పెట్టలేదమ్మా. నీ మీదొట్టు. ఆవిడ శవం దగ్గర ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు."

"పేకాట గురించి కాదు. సాయంత్రం వచ్చి పాత ప్రార్థన చెప్పు."

పైన పాదాలు తడబడ్డాయి. గొట్టం ఒకటి జారి కింద పడింది. కల్లంతా నేలపాలు.

"నాకు రాదు."

"వచ్చు. పాకలో రోజూ చెప్పేవాడివి."

"అది వేరే! అది నవ్వించడానికి. పోయినవాళ్ళ గొంతు పెడితే నాలుక పడిపోతుందంటారు, దాయ్. ఆవిడ పోయిందని తెలిసిన దగ్గర్నుంచి నా నోటికి ఆవిడ గొంతు రావడమే లేదు. పాకలో వాళ్ళు అడిగారు. ఛీ కొట్టి వచ్చేశా." ఆ మాట అంటుండగా అతని గొంతు జీరబోయింది.

బిబింగ్ బిత్తరపోయింది. టిక్యో ఏడవగలడని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

"ఆవిడ గొంతుతో వద్దు. నీ గొంతుతోనే చెప్పు," అంది, ఈసారి మెత్తగా. "ఐదో చరణంలో పాదం నీకు ఆవిడే నేర్పింది. నేను పక్కనే నిలబడి విన్నాను. నువ్వు రాకపోతే ఆవిడ అక్కడే కూర్చుంటుంది, నోంగ్. నీకు పుణ్యముంటుంది."

పాదాలు నెమ్మదిగా కిందికి రావడం మొదలుపెట్టాయి.

సాయంత్రం టిక్యో తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు. తాగలేదు. వెనకాలే సాలుద్, మొగుణ్ణి కాక వేరెవర్నో చూస్తున్నట్టు నోరు తెరుచుకుని. అతను పెలాగియా చాప మీద కూర్చుని సిలువ గుర్తు వేసుకున్నాడు. మొదటి చరణం మొదలుపెట్టాడు. రెండు పాదాలకే ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆగాడు. నుదుటి మీద చెమట.

"నా గొంతులో రావట్లేదు, దాయ్," అన్నాడు గుసగుసగా. "ఆవిడ గొంతులోనే ఉంది అంతా. దగ్గు వస్తే గానీ తర్వాతి పాదం రాదు."

ఆ గుసగుస ఇల్లంతా వినపడింది. నార్సిసా లేచి నిలబడింది. "వద్దు! ఆవిణ్ణి పూడ్చి రెండు రోజులైనా కాలేదు, ఇంట్లోనే వేషాలా? దానికన్నా చిన్న పుస్తకం లక్ష రెట్లు నయం. బిబింగ్, నువ్వు చెప్పు వీడికి!"

అందరూ బిబింగ్ వైపు చూశారు. ఒప్పుకుంటే పెద్దమ్మను ఆవిడ ఇంట్లోనే వెక్కిరించినట్టు. కాదంటే మాట తప్పినట్టు. ఈ రెంటిలో పెద్దమ్మ దేన్ని క్షమించదో ఆమెకు బాగా తెలుసు.

గోడ మేకుకు వేలాడుతున్న పెద్దమ్మ తలగుడ్డ తీసి టిక్యో చేతిలో పెట్టింది.

"వెక్కిరిస్తే పూర్తిగా వెక్కిరించమంది, నోంగ్. కానియ్యి."

టిక్యో ఆ గుడ్డ తలకు చుట్టుకున్నాడు. పెదాలు లోపలికి లాక్కున్నాడు. దగ్గాడు. ముక్కు ఎగబీల్చాడు. అంతే, ఇంట్లోకి పెలాగియా వచ్చింది.

"దారి తెలియని బాటసారికి దీపం పట్టు తల్లీ..."

వెనక వరసలో ఒకడు కిసుక్కుమన్నాడు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి పాకబోయింది. సరిగ్గా అప్పుడే, అలవాటు కొద్దీ, ఆ గొంతు గద్దించింది. "వెనకాల ఆ ఇకిలింపులేంటి? మీ తాత పెళ్ళా ఇది? ఆ కుక్కను కట్టేయండ్రా!"

వెనక వరస మొత్తం నిటారుగా కూర్చుంది. ఎవడో నిజంగానే లేచి కుక్కను కట్టేశాడు. అప్పుడు అందరికీ ఒక్కసారే ఏదో అయింది. "ఆమె కోసం అడుగు తల్లీ" అన్న జవాబు మొదలవడం నవ్వుతోనే మొదలైంది, పూర్తయ్యేసరికి సగం మంది ఏడుస్తున్నారు. నార్సిసా అందరికన్నా గట్టిగా ఏడ్చింది.

నవ్వుతో తెగిందని ఆ గొంతు మళ్ళీ మొదటికి వెళ్ళింది. ఈసారి చరణం మీద చరణం వచ్చింది. తెడ్డు విరిగిన పడవా వచ్చింది, ఒడ్డూ వచ్చింది. ఒక్క పాదం తప్పలేదు. ప్రార్థన తెగకుండా చివరికి చేరగానే టిక్యో తలగుడ్డ విప్పి, మడతపెట్టి, బిబింగ్‌కు ఇచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా మెట్లు దిగిపోయాడు.

అలా మొదటి సాయంత్రం లెక్కకొచ్చింది. తర్వాతవీ వచ్చాయి. కొండ మీది ఇళ్ళ వాళ్ళూ, పక్క ఊరి వాళ్ళూ సంగతి చెవిన పడి వచ్చారు. కొందరు వినోదం చూద్దామనే వచ్చారు, అబద్ధమెందుకు. వచ్చినవాళ్ళు మాత్రం జవాబు చెప్పకుండా వెళ్ళలేదు. బిబింగ్ టిక్యో పక్కనే కూర్చుని అతని వెనకాలే పెదాలు కదుపుతూ చరణాలు పట్టుకుంది. నలుగురి ముందు నోరు రాని మనిషికి, ఇంకొకరి గొంతు నీడన నడవడం కష్టమనిపించలేదు. పెద్దమ్మ తాగినట్టే అతనికీ అల్లం కషాయం పెట్టేది. అతను ఒక గుక్క తాగి, "అల్లానికి కరువొచ్చిందా?" అనేవాడు, అచ్చం ఆవిడ గొంతుతోనే. బిబింగ్‌కు పొద్దుటి నుంచి సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఉండేది.

"మా ఆయన్ని నాకు ఇచ్చెయ్యి, దాయ్," అని సాలుద్ మొత్తుకుంది. "ఇంట్లో కూడా గిన్నె సరిగ్గా తోమలేదంటున్నాడు. పెళ్ళైనప్పుడు అత్త లేదని సంబరపడ్డాను. ఇప్పుడు మంచంలో పడుకుంటోంది అత్త!"

ఎనిమిదో ప్రార్థన అయ్యాక టిక్యో వెళ్ళలేదు. మెట్ల మీద నిలబడి తటపటాయించాడు.

"రేపటిది నాకు రాదు, దాయ్."

"అదేంటి? అదే ప్రార్థన కదా?"

"ప్రార్థన అదే. ఆ తర్వాత వీడ్కోలు ఉంటుంది కదా, అది రాదు. ఆఖరి రోజు విందుకి ఊళ్ళో పంది కాల్చేది నేను. ఎప్పుడు చూసినా పెరట్లో నిప్పుల దగ్గరే ఉన్నాను. ఒక్కసారి కూడా వినలేదు."

బిబింగ్ విన్నది. ప్రతిసారీ పెద్దమ్మ పక్కన దీపం పట్టుకుని నిలబడి విన్నది. కానీ చెప్పమంటే ఏం చెబుతుంది? వీడ్కోలుకు చరణాలు లేవు. చచ్చినవాళ్ళ గురించి నిజం చెప్పి, వాళ్ళను వెళ్ళమని చెప్పడమే వీడ్కోలు. అందుకే అది ఎప్పుడూ ఒకలా ఉండేది కాదు. పరమ పిసినారి మకార్యో పోయినప్పుడు, "ప్రభూ, వీడు పిల్లికి బిచ్చం పెట్టలేదు. కానీ వరదలో పక్కింటి పిల్లను భుజాన మోశాడు. అదొక్కటీ గట్టిగా పట్టుకుని వస్తున్నాడు, తలుపు తియ్యి" అంది. మకార్యో పెళ్ళాం ఆ మాటతోనే మిగతా జీవితమంతా గడిపేసింది.

"ఆవిడ గొంతు పెడతా, మాటలు నువ్వు చెవిలో చెప్పు," అన్నాడు టిక్యో.

బిబింగ్‌కు ఎంత ఆశ పుట్టిందో! కానీ తనను తాను వెళ్ళమని ఆవిడే ఎలా చెప్పుకుంటుంది? అప్పుడు అర్థమైంది ఆమెకు, తన భయం నోరు రాదని కాదు. ఇన్ని సాయంత్రాలూ ఆ గొంతు ఇంట్లో ఉంది. వెళ్ళమంటే వెళ్ళిపోతుంది.

"వద్దు, నోంగ్. నువ్వు పంది సంగతి చూసుకో," అంది.

మర్నాడు ఇంట్లో కాలు పెట్టే సందు లేదు. టిక్యో ప్రార్థన నడిపించాడు. ఆఖరి జవాబు అయ్యాక తలగుడ్డ విప్పి పెరట్లోకి వెళ్ళిపోయాడు. తలుపు బార్లా తెరిచారు. అందరూ లేచి నిలబడ్డారు. బిబింగ్ లేచింది. గొంతులో ఎప్పటిదే అడ్డం పడింది. జనం ఎదురుచూశారు. నార్సిసా పెదాలు కదుపుతూ ఆమె కోసం వేరే ఏదో ప్రార్థన చేసుకుంటోంది.

"ప్రభూ," అంది బిబింగ్. వెనకవాళ్ళకు వినపడలేదు. మళ్ళీ అంది. "ప్రభూ, మా ఇయా పెలాగియా వస్తోంది. కోపిష్ఠిది. నీకు కొత్తగా చెప్పాలా, రోజూ నీతో కూడా పోట్లాడేది."

ఎవరో చిన్నగా నవ్వారు. ఆ నవ్వుకు ఆమె గొంతు కాస్త వదులైంది.

"మా అమ్మానాన్న సముద్రంలో పోయినప్పుడు ఊరంతా దేవుడి చిత్తం అంది. ఈవిడొక్కతే అనలేదు. నాకు ఊహ తెలిశాక అడిగాను, దేవుడు ఎందుకలా చేశాడు ఇయా అని. 'నాకూ తెలీదే. వెళ్ళాక అడుగుతా' అంది. అంతవరకూ నువ్వు ఖాళీ చేసిన మా అమ్మానాన్నల చోట తను కూర్చుంది. నాకు అన్నం పెట్టింది, తిట్టింది, జ్వరమొస్తే తెల్లవార్లూ ఎత్తుకుని తిరిగింది. నిన్ను ఒక్కరోజు కూడా వదల్లేదు, నన్నూ వదల్లేదు. ప్రభూ, ఇప్పుడు అడుగుతుంది. జవాబు సిద్ధంగా పెట్టుకో."

పెరటి గుమ్మంలో టిక్యో, మోచేతుల దాకా కొవ్వుతో, నిలబడిపోయి ఉన్నాడు.

బిబింగ్ మెట్ల వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. "ఇయా, తొమ్మిదీ అయ్యాయి. పాతదే చెప్పించాను, ఒక్కటి కూడా తెగలేదు. నువ్వు వెళ్ళాలని నాకు లేదు. అబద్ధమాడితే ఊరుకోవుగా, అందుకే చెప్తున్నా. అయినా ఇక లే. మెట్లు దిగు. మేం బాగానే ఉంటాం. వెళ్ళు, ఇయా."

"నిత్య విశ్రాంతి దయచేయి ప్రభూ," అని ఇల్లంతా, మెట్లంతా, వాకిలంతా ఒక్కసారే బదులు పలికింది. జనం రెండు పక్కలా ఒదిగి, మెట్ల దాకా దారి వదిలారు. ఎవరూ చెప్పకుండానే వదిలారు.

తర్వాత విస్తళ్ళు వేశారు. పంది బాగా కాలిందనీ, ఉప్పు కాస్త ఎక్కువైందనీ మాటలు సాగాయి. బిబింగ్ వడ్డిస్తూ ఉంటే నార్సిసా ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

"దాయ్, నా వంతు వచ్చినప్పుడు నువ్వే చెప్పాలి."

"అలాగే, ఇయా."

"నిజమే చెప్తావు కదా?" ముసలామె ముఖం బెంగగా పెట్టింది. "నాలో మంచి కూడా ఏదైనా ఉంటుంది, కాస్త వెతుకు."

"వెతుకుతాను. కానీ తొందరపడి పోకు, ఇయా," అంది బిబింగ్, ఆమె విస్తట్లో ఇంకో ముక్క వేస్తూ. "నాకు టైం పడుతుంది."